సందులోని సందు

ఆదివారము నాడు ఆబిడ్సులో దుకాణముల షట్టర్లు దిగియుండగా, వాని మెట్లమీదను కాలిబాటల మీదను పాతపుస్తకముల సంత మరియొక లోకము వలె తెరచుకొనును. ఆరవ నిజాము మహబూబ్ అలీఖానునకు ఆంతరంగిక పరిచారకుడై యుండి, ఇచ్చట దుకాణము తెరచిన ఆల్బర్ట్ ఆబిద్ అను ఆర్మీనియా దేశీయుని పేరే ఈ కూడలికి నిలిచినదని ఎరిగినవారు నేడు అరుదు. ఆ కూడలిలో, జనరల్ పోస్టాఫీసునకు దవ్వు గాని యొక చోట, పోటీపరీక్షల గైడులకును అట్టలూడిన డిటెక్టివు నవలలకును నడుమ, నూనె మరకలతో నల్లబడిన మోటారు మరమ్మతు పుస్తకమొకటి నా కంటబడెను. అది బ్రిటిష్ మోటార్ కార్పొరేషను వారి ‘బి’ వర్గపు ఇంజనును గూర్చినది. దానిని కొనుటకు నాకు రెండు కారణములు కలిగెను. నా పాత అంబాసిడరు ఇంజను అదే వారమున నాంపల్లిలో విప్పబడి, బల్లలపై పరచియుండుట మొదటిది. ఆ పుస్తకములోని యొక పుట అంచున పూర్వపాఠకుడెవరో పెన్సిలుతో వేసిన అంకెలు రెండవది. 1–8, 3–6, 5–4, 2–7, 8–1, 6–3, 4–5, 7–2 అని అచ్చైన ఎనిమిది జతల ప్రక్కను అతడు వరుసగా ఎనిమిది తొమ్మిదులు వేసి, క్రింద రెండు గీతలు గీసియుండెను. వివరణ మాత్రము లేదు.

ఇంజను విప్పిన కార్ఖానా నాంపల్లి స్టేషను బాటనుండి లోపలికి చీలిన యొక సందులో కలదు. కార్ఖానా యనగా పైన రేకులు, క్రింద ఏండ్ల తరబడి నూనె త్రాగి రాయివలె గట్టిపడిన నేల, గోడకు మేకులపై పరిమాణము చొప్పున వ్రేలాడు పానాలు, మూలనొక కిరసనాయిలు తొట్టి, అంతియే. అచ్చటి ఉస్తాదు అరువది దాటినవాడు. ఆ బాటను నేను సందు అందును, ఆయన గల్లీ యనును. ఇంజనులోని సందును మాత్రము మే మిద్దరమును గ్యాపు అనియే యందుము. తెలుగున సందు అను మాటకు ఇరుకు త్రోవ యనియు, రెండు వస్తువుల నడిమి యెడ మనియు, అవకాశ మనియు అర్థములు కలవు. ఈ వ్యాసమునకు ఆ మూడర్థములును పనికివచ్చును.

హుగ్లీ నదీతీరమున ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్సు వారు, మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి బండిని అనుసరించి 1950ల చివర ఆరంభించిన అంబాసిడరు, మొదట సిలిండరుల ప్రక్కన వాల్వులు గల 1476 సి.సి. ఇంజనుతో వచ్చి, 1959లో తలపై వాల్వులు గల 1489 సి.సి. ఇంజనును ధరించి, మంత్రులను, కలెక్టర్లను, పెండ్లికూతుండ్రను, స్టేషను ముందరి బాడుగ ప్రయాణికులను సమదృష్టితో మోసి, 2014లో ఉత్పత్తి నిలిచిపోవగా చరిత్రలోనికి జరిగెను. నా బండి ఆ 1489 సి.సి. వంశమునకు, అనగా ఆబిడ్సు పుస్తకపు ‘బి’ వర్గమునకు, చెందినది.

వాల్వును మన విజ్ఞాన గ్రంథకర్తలు కవాట మనిరి. కవాట మనగా తలుపు. ఇంతకంటె ఒప్పైన మాట దొరకుట అరుదు; హృదయమునందలి కవాటములకును, ఇంజనునందలి కవాటములకును పని యొక్కటియే, వేళకు తెరచుకొనుట, వేళకు మూసికొనుట. వైద్యుడు గొట్టము చెవుల బెట్టుకొని వినెడి గుండెచప్పుడు ప్రధానముగా ఆ తలుపులు మూతపడు చప్పుడే. మా ఉస్తాదు పొడవైన పేచ్‌కస్ మొనను ఇంజను మీద నానించి, పిడిని చెవికి జేర్చి వినునదియు దాదాపు అటువంటిదే.

నాలుగు సిలిండరుల ఇంజనులో ఒక్కొక్క సిలిండరునకు రెండు తలుపులు: పెట్రోలు ఆవిరి కలిసిన గాలిని లోనికి రానిచ్చున దొకటి, కాలిన పొగను వెలుపలికి పోనిచ్చునది రెండవది. పిస్టను నాలుగు మారులు క్రిందికి మీదికి కదలుటలో, అనగా క్రాంకు రెండు చుట్లు తిరుగుటలో, ప్రతి తలుపును ఒక్కమారే తెరచుకొనును. అందుచేతనే తలుపులను తెరపించు క్యాము షాఫ్టు క్రాంకు వేగములో సగముతో తిరుగును. షాఫ్టుపై కోడిగ్రుడ్డు వంటి ముక్కులు కలవు. ముక్కు పైకి వచ్చినపుడు టాపెట్టును లేపును, టాపెట్టు పుష్ రాడ్డును లేపును, రాడ్డు రాకరు ఆర్ము యొక కొనను పైకి నెట్టగా, ఏతాము వలె దాని రెండవ కొన క్రిందికి వంగి వాల్వును నొక్కును. నొక్కిన వాల్వును తిరిగి పైకి లాగి పీఠముపై కూర్చుండబెట్టుట స్ప్రింగు పని. నిమిషమునకు 3000 చుట్లు క్రాంకు తిరుగునపుడు, ప్రతి వాల్వును సెకనునకు 25 మారులు ఈ వ్యవహారమునంతయు జరుపుకొనవలెను.

ఈ వరుసలో తుది మజిలీ, రాకరు కొనకును వాల్వు కాడకును నడుమనున్నది. అచ్చట, వాల్వు మూసియున్న వేళ, చిన్న యెడము విడువవలెను. బి.ఎం.సి. వంశపు మా ఇంజనునకు అది అంగుళమును వేయి భాగములు చేయగా అందు పదునైదు, అనగా 0.38 మిల్లీమీటరు. పోస్టుకార్డు మందము సుమారు పావు మిల్లీమీటరు కనుక, ఒకటిన్నర కార్డు పట్టు చోటన్నమాట. వడ్రంగులును ఫిట్టర్లును సూతు అని లెక్కించు కొలత, అనగా అంగుళములో ఎనిమిదవ పాలు, దానిలో మరల ఎనిమిదవ పాలునకు ఇది కొంచెము తక్కువ.

ఇంత శ్రమించి ఉక్కును నున్నగా చెక్కి, వేయింట నొక భాగము తేడా లేకుండ అమర్చి, తుదకు వదులుగా విడుచుట ఏల? ఈ ప్రశ్నకు సమాధానము కార్ఖానాకు కూతవేటు దూరముననే యున్నది. 1907లో కట్టిన నాంపల్లి స్టేషనులో పూర్వము రైలుపట్టాల అతుకుల వద్ద కొంత యెడము కనబడుచుండెడిది. 13 మీటర్ల పట్టా, చలికాలపు తెల్లవారుజామునకును మేనెల మధ్యాహ్నమునకును నడుమ 40 డిగ్రీల తేడా వచ్చెనేని, సుమారు 6 మిల్లీమీటర్లు పెరుగును. ఆ పెరుగుదలకు చోటు విడువనిచో, పట్టా ప్రక్కకు వంగి తన చోటు తానే చేసికొనును. చిన్ననాట మనమందరమును విని పాటకట్టుకొన్న రైలు తాళము ఆ యెడములు పలికించినదే. ఇప్పుడు పట్టాలను మైళ్ళకొలది అతికి, స్లీపరులకు గట్టిగా బిగించి, పెరుగుటకు వీలులేకుండ పట్టియుంచుచున్నారు గనుక, ఆ తాళము చాల చోట్ల మూగవోయినది.

వాల్వు పొడవు పట్టా పొడవునకు సరిరాదు. ఇంచుమించు 100 మిల్లీమీటర్లు. కాని దాని వేడి పట్టా యెరుగని వేడి. పొగ వాల్వు తల, పనిచేయు వేళ, 700 డిగ్రీలకు మించి కాగి, చీకటిలో చూడగలిగినచో ఎర్రగా వెలుగుచుండును. కాడ అంత కాగదు. తల మొదలు కొన వరకు సగటున 300 డిగ్రీలు పెరిగినదనుకొని, మామూలు ఉక్కు లెక్కనే వేసినను, ఆ వాల్వు 0.36 మిల్లీమీటరు సాగును. వేడికోర్చు ప్రత్యేకపు ఉక్కు ఇంకను ఎక్కువ సాగును. ఇది ముడి లెక్క మాత్రమే. ఏలయన ఇంజను వేడెక్కినపుడు వాల్వుతో పాటు దాని చుట్టునున్న పోత ఇనుము కూడ పెరుగును, పుష్ రాడ్డును పెరుగును. ఒకటి సందును మూయజూచును, ఒకటి తెరవజూచును. ఈ లాగులాటలో తుదకు మిగిలినదే నిజమైన సందు. అందుచేతనే ఒక్కొక్క ఇంజనునకు ఒక్కొక్క అంకె. దానిని చల్లగా నున్నపుడు కొలువవలెనో, కాగియున్నపుడు కొలువవలెనో కూడ పుస్తకము చెప్పును, ఆ మాటను దాటి చదువరాదు. గాలితో చల్లబడు వోక్స్‌వాగన్ బీటిల్ వంటి వానిలో, ఇంజను దేహము పుష్ రాడ్లకంటె ఎక్కువ పెరుగుటచే, వేడికి సందు తగ్గుటకు మారుగా పెరుగును. ఇనుప ఇంజను నేర్పిన బుద్ధి అచ్చట చెల్లదు.

సందు చాలనిచో ఏమగునో నాకు పుస్తకము వలన గాక అనుభవము వలన తెలిసెను. చాల యేండ్ల క్రిందట, పేరు చెప్పనక్కరలేని యొక కార్ఖానాలో, బండి టక టక మనుచున్నదని నేనే ఫిర్యాదు చేసితిని. వారు మూత విప్పి, టాపెట్లు బిగించి, ఘడియలో ఇచ్చివేసిరి. ఇంజను పిల్లి నడకవలె మెత్తనైనది. నేనును మురిసి, అడిగిన దానికంటె ఐదు రూపాయలు ఎక్కువ యిచ్చితిని. రెండు నెలలు గడచునప్పటికి నౌబత్ పహాడ్ ఎత్తు ఎక్కుటకు బండి రొప్పసాగెను. సైలెన్సరు గొట్టము ముందర కాగితపు ముక్క పట్టుకొనగా, పొగ దానిని నెట్టుటకు బదులు నడుమ నడుమ లోనికి పీల్చుకొనుచుండెను. ఇంజను తల విప్పి చూడగా పొగ వాల్వు నొకదాని అంచు ఎలుక కొరికిన అప్పము వలె తెగియుండెను.

దీనికి కారణము తెలిసికొనదగినది. వాల్వునకు చల్లబడుటకు ముఖ్యమైన మార్గ మొక్కటే: మూసికొని పీఠముపై కూర్చుండినపుడు అంచు నుండి పీఠమునకును, అచ్చటినుండి ఇంజను తలలో ప్రవహించు నీటికిని వేడి దిగిపోవుట. వాల్వు తల గ్రహించిన వేడిలో సుమారు ముప్పాతిక పాలు ఈ దారినే పోవునని ఇంజను శాస్త్రజ్ఞులు చెప్పుదురు. 3000 చుట్ల వేగమున ఆ కూర్చుండు వ్యవధి సెకనులో నలుబదవ వంతు మాత్రమే. సందు లేక, కాగి సాగిన వాల్వును రాకరు నొక్కిపట్టినదా, ఆ స్వల్ప వ్యవధియు దానికి దక్కదు. మూతపడినట్లే యుండి వెంట్రుకవాసి తెరచియుండును. రెండువేల డిగ్రీల మంట ఆ వెంట్రుకవాసి చీలికనుండి, వెల్డింగు జ్వాల వలె, ఒకే చోట దూసికొనిపోవును. అంచు కాలును, చీలిక పెరుగును, పెరిగినకొలది మంట అధికమగును. నేను ఐదు రూపాయలు ఎక్కువిచ్చి కొనుక్కొన్న నిశ్శబ్దము ఇదియే.

సందు మితిమీరినను కీడు లేకపోలేదు. కాని అది చప్పుడు చేసి చెప్పు కీడు. క్యాము ముక్కు మొదలు వద్ద మెల్లని వాలు నొకదానిని చెక్కియుంచుదురు. రాకరు వాల్వును మృదువుగా తాకుటకును, మృదువుగా దింపుటకును అది ఏర్పాటు. సందు ఎక్కువైనచో ఆ వాలు వ్యర్థముగా గడచిపోయి, రాకరు సుత్తివలె వచ్చి కాడను కొట్టును. వాల్వు ఆలసించి తెరచుకొని, తొందరపడి మూసికొని, పూర్తిగా లేవక పోవుటచే ఇంజనునకు ఊపిరి చాలదు. దీనిని మనుష్యుడు విని సరిచేసికొనగలడు. ఉస్తాదు ఈ భేదమును నాలుగు మాటలలో తేల్చివేసెను: “జర సప్పుడు ఉండాలె సాబ్. సప్పుడు జేసె టాపెట్టు బతికున్నట్టు. సప్పుడు బందయిందంటె వాల్వు కాలుతున్నట్టు.”

సందును తుడిచివేయుటకు యంత్రనిర్మాతలు ప్రయత్నింపకపోలేదు. 1930లో వచ్చిన పదునారు సిలిండరుల క్యాడిలాకులోనే, నూనె ఒత్తిడితో సందును తనంత తాను పూడ్చుకొను హైడ్రాలిక్ ఉపాయము కలదు. నేటి కారులు పెక్కింటిలో అట్టిదే మరింత మెరుగై యుండుటచే, వాని యజమానులకు టాపెట్టను మాటయే అక్కరలేదు. కాని మా నగరమునందలి మిక్కిలి ఘనమైన నిశ్శబ్దమునకు సైతము సందు తప్పలేదు. ఆరవ నిజాము ఆర్డరిచ్చి, 1911లో ఆయన మరణించుటచే, ఏడవ నిజాము ఏలుబడిలో వచ్చి చేరిన పసుపువన్నె రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టును, బార్కరు వారు సింహాసనముతో అలంకరించినదానిని, నేడు చౌమహల్లా ప్యాలెసులో చూడవచ్చును. దయ్యమువలె సడి చేయక పోవునని ఆ పేరు పెట్టిన జాతి బండి యది. దాని ఆరు సిలిండరుల ప్రక్కనున్న వాల్వులకును టాపెట్లకును నడుమ కూడ ఎవరో యొక మిస్త్రీ కొలిచి విడిచిన యెడము ఉండియే తీరవలెను. రాజుగారి బండికైనను ఉక్కు సాగకమానదు.

ఇక మా పనికి వత్తము. టాపెట్లు కట్టుట, అనగా ఈ సందులను అమర్చుట, అనునది ఇంజను పునర్నిర్మాణములో తుది ఘట్టమేగాని, దాని యోగ్యత మొదటినుండి చేసిన పనులపై ఆధారపడియుండును. ఉస్తాదు ముందుగా వాల్వులను పీఠములతో నూరెను. వాల్వు తలకు రబ్బరు గిన్నె గల కర్రను అంటించి, అంచునకు గరుకు పేస్టు పూసి, కర్రను రెండు అరచేతుల నడుమ బెట్టి, కవ్వము చిలికినట్లు ఇటునటు త్రిప్పుచు, నడుమ నడుమ వాల్వును ఎత్తి కొంచెము తిప్పి మరల దింపుచు, గరుకు పేస్టు తరువాత మెత్తని పేస్టుతో, అంచు చుట్టును ఎడతెగని బూడిదరంగు వలయము ఏర్పడువరకు చిలికెను. పిమ్మట ఇంజను తలను బోరగించి కిరసనాయిలు పోసి, టీ త్రాగి వచ్చి చూచెను. ఏడు పొడిగా నుండెను. ఆరవదాని క్రింద తడి కనబడగా, మాటాడక మరల కవ్వము చేతబట్టెను.

పుష్ రాడ్లను అద్దపు పలకపై దొర్లించుట నేను అచ్చటనే చూచితిని. తిన్ననిది సడిలేక దొర్లిపోవును. వంగినది కుంటివాని వలె ఎత్తిపడుచు పోవును. ఎనిమిదింట నొకటి కుంటెను. కంటికి అది తిన్నగనే యుండెను.

వాల్వు నూరినకొలది పీఠములోనికి దిగి, కాడ పైకి పొడుచుకొనివచ్చును. ఇంజను తలను చదును చేయించినచో రాకర్లు పుష్ రాడ్లకు దగ్గరగును. ఈ రెండును సందును తగ్గించునవే. కావున విప్పకముందు ఎంత సరియైన కొలత యున్నను, కూర్చిన తరువాత అది పనికిరాదు. మొదటినుండి మరల కట్టవలసినదే.

కొలుచుటకు సాధనము ఫీలరు గేజి, కార్ఖానాలలో ఫిల్లరు. తాటాకు కట్ట వలె ఒకే మేకుపై విప్పుకొను ఉక్కు రేకులు. ప్రతి రేకుపైనను దాని మందము చెక్కియుండును. ఉస్తాదు రాకరు మీది లాకునట్టును పానాతో వదులు చేసి, పదునైదు రేకును సందులో దూర్చి, పేచ్‌కస్‌తో స్క్రూను త్రిప్పుచు, రేకును ముందుకు వెనుకకు లాగుచుండెను. తుదకు నా చేతికిచ్చి లాగుమనెను. రేకు స్వేచ్ఛగా జారరాదు, పట్టుకొనిపోరాదు. వెన్న రాసిన రెండు పలకల నడుమనుండి కాగితము లాగినట్లు, చిన్న జిగట చేతికి తెలియవలెను. ఆ జిగటను మాటలలో చెప్పుటకు నేను చేసిన ఈ ప్రయత్నము చాలదని నాకు తెలియును; అది వ్రేళ్ళకు మాత్రమే తెలియు భాష. స్క్రూ కదలకుండ పేచ్‌కస్ నదిమిపట్టి నట్టు బిగించిన పిమ్మట, ఆయన మరల కొలిచెను. నట్టు బిగియునపుడు స్క్రూ రవంత వెంటబోవును. మొదటి కొలతను నమ్మినవాడు అచ్చటనే మోసపోవును.

ఇంకొక మోసము కలదు. ఏండ్ల తరబడి కాడను తాకి తాకి, రాకరు కొన అడుగున చిన్న గుంట పడును. తిన్నని రేకు ఆ గుంటలోనికి దిగదు. వంతెన వలె దాని అంచులపై నిలుచును. రేకు పదునైదు చెప్పుచుండగా గుంటలో నిజమైన సందు ఇరువది యుండవచ్చును. టాపెట్లు ఎన్నిమార్లు కట్టినను టకటక పోలేదని వాపోవువారిలో పలువురి కథ ఇదియే. మా బండిలో రెండు రాకర్లకు ఈ గుంటలు కనబడెను. గోటితో తడిమి చూపించి, ఆయన వానిని ప్రక్కన బెట్టి, మార్చిన వానితోనే ముందుకు సాగెను.

ఏ వాల్వును ఎప్పుడు కొలువవలెను? క్యాము ముక్కు టాపెట్టునుండి సాధ్యమైనంత దూరముగ, దాని మడమ, అనగా ముక్కునకు వెనుకవైపు, టాపెట్టు క్రింద నున్నపుడు. కాని క్యాము ఇంజను కడుపులో నున్నది, కంటికి కనబడదు. ఇచ్చట ఉస్తాదు ప్లగ్గులు తీసివేసి, ముందునుండి హ్యాండిలు వేసి పిల్లవానిచేత ఇంజనును మెల్లగా త్రిప్పించుచు, ఎక్కము చదివినట్లు మొదలుపెట్టెను: “ఆఠ్ దబ్బా తో ఏక్. ఛే దబ్బా తో తీన్. చార్ దబ్బా తో పాంచ్. సాత్ దబ్బా తో దో.” అనగా ఎనిమిదవ వాల్వు పూర్తిగా నొక్కబడియున్నపుడు ఒకటవదానిని కొలువుము, ఆరవది నొక్కబడియున్నపుడు మూడవదానిని కొలువుము, అట్లే కడవరకు. నేను ఆబిడ్సు పుస్తకము తెరచి చూచుచుంటిని. ఒక్క జతయు తప్పలేదు. ఎందువలన అని యడుగగా, ఆయన నవ్వి, “జమ తొమ్మిది రావాలె సాబ్, గంతె” అనెను. పెన్సిలు పాఠకుడును అంతియే చెప్పియుండెను.

తొమ్మిదికి మనవారు ఇచ్చు గౌరవము నెరిగినవాడ నగుటచే, ఇందులో గణిత మేమైన నున్నదా, లేక యాదృచ్ఛికమా యని ఆ రాత్రి కాగితము ముందర కూర్చుంటిని. ఇంజను ముందునుండి వెనుకకు వాల్వుల వరుస ఇట్లున్నది: పొగ, గాలి, గాలి, పొగ, పొగ, గాలి, గాలి, పొగ. దీనిని వెనుకనుండి చదివినను ఇట్లే వచ్చును. ‘వికటకవి’ అను మాట యెట్టిదో, ఈ వరుసయు అట్టిదే. ఇక రెండవ సంగతి. నాలుగు సిలిండరులలో 1వది, 4వది జతగా మీదికి క్రిందికి కదలును. 2వది, 3వది మరియొక జత. కాని జతలోని రెండును ఒకే పని చేయవు: ఒకటి మండుచుండగా రెండవది గాలి పీల్చుచుండును. వాని నడుమ ఎల్లప్పుడు క్రాంకు చుట్టు ఒకటి, అనగా క్యాము అరచుట్టు, తేడా. కావున 1వ సిలిండరు పొగ వాల్వు క్యాము ముక్కు తూర్పునకు చూచుచుండగా, 4వ సిలిండరు పొగ వాల్వు ముక్కు పడమటికి చూచుచుండును. ఒకదాని ముక్కు టాపెట్టును పూర్తిగా లేపినదన్న, రెండవదాని మడమ దాని టాపెట్టు క్రింద నున్నదన్నమాటే. కంటికి కనబడని మడమను, కంటికి కనబడు ముక్కు చెప్పును.

వాల్వుల వరుస వికటకవి యగుటచే, ముందునుండి ఎన్నవదో దాని జోడు వెనుకనుండి అన్నవదే. ఎనిమిది వాల్వుల వరుసలో ముందునుండి లెక్కించిన స్థానమును, వెనుకనుండి అదే స్థానమును కలిపిన వచ్చునది ఎనిమిదికి ఒకటి ఎక్కువ, తొమ్మిది. అంతే గాని నవగ్రహములకు ఇందు పాత్ర లేదు. పొగ, గాలి, పొగ, గాలి అని వరుస మారకుండ అమర్చిన నాలుగు సిలిండరుల ఇంజను నొకదానిని కాగితముపై వేసి చూచితిని. జోడుల మొత్తము ఒకమారు ఎనిమిదియు, ఒకమారు పదియు వచ్చెను. అచ్చట తొమ్మిది నమ్మి టాపెట్లు కట్టినవాడు మడమ సరిగా టాపెట్టు క్రింద లేని వేళ సందు కొలిచి, పొరపడవచ్చును. మరునాడు ఈ సంగతి చెప్పగా, ఉస్తాదు ఆలకించి, కాగితమును రెండుమార్లు త్రిప్పి చూచి, “ఉల్టా సీదా ఒక్కటే ఉన్నదన్నట్టు” అని, మడచి జేబులో బెట్టుకొనెను.

పాత ఇంజనులను మరల బ్రతికించువారు ఈ కాలమున ఎరుగవలసిన మాట మరియొకటి కలదు. వెనుకటి పెట్రోలులో సీసపు సమ్మేళనము నొకదానిని కలుపుచుండిరి. అది ఇంజను కొట్టుకొనకుండ కాపాడుటయే గాక, వాల్వు అంచునకును పోత ఇనుప పీఠమునకును నడుమ పలుచని పొరయై నిలిచి, కాగిన లోహము లోహమునకు అంటుకొనకుండ అడ్డుపడుచుండెడిది. సీసము ప్రాణులకు విషమగుటచే, 2000లో భారతదేశమంతట సీసపు పెట్రోలు నిలిచిపోయినది, అది మేలు. కాని మెత్తని పీఠములు గల పాత తలలలో, గట్టిగా తోలినపుడు, పొగ వాల్వు పీఠమును రవ్వ రవ్వగా పీకి తాను లోనికి దిగజొచ్చును. వాల్వు దిగినకొలది కాడ పైకి వచ్చును, సందు తగ్గును, చప్పుడు తగ్గును. అరిగినకొలది మ్రోయు యంత్రములనే ఎరిగిన మనకు, అరిగినకొలది నెమ్మదించు ఈ జబ్బు తోచదు. తలలో గట్టి ఉక్కు వలయములను పీఠములుగా దిగగొట్టించుట దీనికి తగిన మందు. నేను ఖర్చునకు జంకి, ఈమారు వాయిదా వేసితిని. ఉస్తాదు ఏమియు అనక, గ్యాపులు మాత్రము తరచుగా చూపుకొమ్మనెను.

మూత బిగించి, కొత్త నూనె పోసి, సాయంకాలము అయిదింటికి ఇంజనును ఆడించిరి. మొదట దగ్గి, నీలిపొగ విడిచి, పిమ్మట నిలదొక్కుకొనినది. రేకుల కప్పు క్రింద ఆ సన్నని టక టక చాలసేపు వినబడెను. బాటనుపోవు ఆటో డ్రైవరొకడు తల లోనికిపెట్టి, టాపెట్లు కొట్టుచున్నవని ఉచిత సలహా యిచ్చెను. “కొట్టనియ్ భాయ్” అని ఉస్తాదు పేచ్‌కస్‌ను చెవికి ఆనించుకొనెను.

తల క్రింది గ్యాస్కెట్టు వేడికి అణగును. నట్లు మరల బిగింపగా తలయు, తలతో పాటు రాకర్లును రవంత క్రిందికి దిగును. రాడ్లు మాత్రము బ్లాకులో ఉన్నచోటనే యుండును. అందుచే సుమారు 800 కిలోమీటర్లకు టాపెట్లు మరల చూడవలెను. ఆ గడువు మొన్న శుక్రవారమునకు తీరగా, బండిని సందులోనికి తోలుకొనిపోతిని. ఆరు వాల్వులకు పదునైదు రేకు ఆ జిగటతోనే లాగెను. 4కును 5కును అది దూరలేదు. పదమూడు రేకు పట్టెను. ఆ రెండును ఇంజను నడిబొడ్డున ఒకదాని ప్రక్కనొకటి యుండి, తమ పొగను ఒకే రంధ్రముగుండా వెలుపలికి పంపు వాల్వులు. ఈ తలలో అంతకంటె కాగు చోటు లేదు. ఉస్తాదు సరిచేసి మూత వేయుచుండగా, నేను ఆబిడ్సు పుస్తకము తీసి, అచ్చైన 5–4, 4–5 జతల ప్రక్కను, పాత తొమ్మిదుల కవతల, 13 అనియు తేదీయు పెన్సిలుతో వ్రాసికొంటిని.